నొన్నికా కన్న బారిక్

కార్థేజ్, ఫిబ్రవరి ఇరవై

మిగ్గిన్ మామయ్యకు బారిక్ దండాలు.

చలికి నీ కాలు ఇంకా సలుపుతోందా? ఇక్కడ మేం కులాసా. మొన్నటి రథాల పందెంలో పచ్చదళానికి నేనే గెలిచిపెట్టాను. జనం ఎప్పట్లాగే నన్ను సూర్యుడన్నారు. ఆ సూర్యుడు రథశాల గోడ దాటి కూరగాయల అంగడికి వెళ్ళాలన్నా శాల పెద్ద పోటిట్ సెలవివ్వాలి.

అసలు సంగతికి వస్తాను. మా ఆవిడ సిద్దినాకు ఐదో నెల. జూన్‌లో పురుడు. మగపిల్లాడు పుడితే ఏమవుతుందో నీకు తెలియంది కాదు. బొడ్డు కోసిన మూడోనాడే శాల జాబితాలో పేరెక్కుతుంది. సారథి కొడుకు సారథే. నాన్న అలాగే ఎక్కాడు, నేనూ అలాగే ఎక్కాను. నాన్నను ఇసుకలోంచి మోసుకొచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. నా కొడుకు పేరు ఆ జాబితాలో ఎక్కకూడదు మామయ్యా. పురుడు రాకముందే నేను బయటపడితే వాడు మామూలు మనిషి కొడుకుగా పుడతాడు.

సిద్దినా ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకుంటోంది. నేనూ పేరిద్దామని వెళ్ళాను. సంఘపెద్ద మంచివాడే, కూర్చోబెట్టి మాట్లాడాడు. "ముందు కొరడా వదిలి రా నాయనా. సారథిని నీళ్ళలోకి దింపలేం. మీ ఆట సూర్యుడికి పూజ, మీ మైదానం దయ్యాలకు గుడి" అన్నాడు. సరేనని పోటిట్ దగ్గరికి వెళ్ళి కొరడా వదిలేస్తానన్నాను. పగలబడి నవ్వాడు.

"ఒకటే దారుందిరా. నువ్వు చావబోతుండాలి. బతకవని మన వైద్యుడు రాసివ్వాలి. అప్పుడు సంఘపెద్ద వచ్చి నీళ్ళు పోస్తే, ఆ తర్వాత నువ్వు పొరపాటున బతికితే, నిన్ను వెనక్కి పిలిచే హక్కు ఎవరికీ లేదు. చట్టం అలా ఉంది. పోయి చావు, లేదంటే పోయి గుర్రాల్ని తోము."

ఇంకో వింత విను. శ్మశానం పక్కన ప్రార్థన మందిరంలో, ఏలీయా ప్రవక్త అగ్నిరథమెక్కి పరలోకానికి పోతున్నట్టు గోడ మీద బొమ్మ వేస్తున్నారు. ఆ చిత్రకారుడు రథాన్ని దగ్గర నుంచి చూసిన పాపాన పోలేదు. నన్ను నిలబెట్టి, పగ్గాలు నడుముకు ఎలా చుట్టుకుంటామో చూసి గీశాడు. ముక్కు కూడా నాదే పెట్టాడు. బొమ్మ లోపల ఉంది, నేను గుమ్మం బయట ఉన్నాను. ఏం చెయ్యమంటావో రాయి.

ఇట్లు,
కట్టుకొయ్య దగ్గరి నీ మేనల్లుడు


హద్రుమెతుం, మార్చి మూడు

నా చెల్లెలి కొడుక్కి దీవెనలు. ఇక్కడ నేనూ, నా కంచరగాడిదా, నా వంకరకాలూ ముగ్గురం క్షేమం.

సిద్దినా కబురు చదివి ద్రాక్షసారాయి రెండు గిన్నెలు ఎక్కువ తాగాను. మూడోది నీ ఆరోగ్యం కోసం తాగాను, అది లెక్కలోకి రాదు.

సూర్యుడి మాట ఎత్తావు గనక చెబుతాను. నేను బడి గుమ్మం తొక్కినవాణ్ణి కాను, పందెపు పట్టీలు కూడబలుక్కుని అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. అయినా ఈ లెక్క మా తాత నాకు అప్పజెప్పాడు. బళ్ళు బయల్దేరే పన్నెండు తలుపులు పన్నెండు రాశులు. ఏడు చుట్లు ఏడు గ్రహాలు. నాలుగు దళాలు నాలుగు రుతువులు, మన పచ్చదళం వసంతం. నడిమి తొట్లలో నీళ్ళు సముద్రం. తోలేవాడు సూర్యుడు. ఇంత ఆకాశాన్ని దింపి ఇసుకలో పరిచిన మహానుభావుడెవడో గాని, ఒక్కచోట తప్పు చేశాడు. పైనున్న సూర్యుడు సాయంత్రానికి దిగిపోతాడు. మనల్ని దిగనివ్వరు. ఈ మాట మీ సంఘపెద్దతో అను. మేం పూజ చేయించుకుంటున్నవాళ్ళలా కనిపిస్తున్నామా స్వామీ అని అడుగు.

నేను దిగిన వైనం నీకు తెలుసు. మూడో చుట్టులో చక్రం మలుపు స్తంభానికి తగిలి మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. నీలిదళం జనం నా మీద పాట కట్టి పాడారు. ఇప్పుడు అప్పుడప్పుడూ నేనే పాడుకుంటాను, బాణీ బాగుంటుంది. కుంటివాడు పనికిరాడని పేరు కొట్టేశారు. ఈ రోజుల్లో కుంటివాళ్ళనూ వదలడం లేదట, కొత్తవాళ్ళకు నేర్పే పనిలో పెడుతున్నారట. అంటే నా దారి కూడా మూసేశారన్నమాట.

ఒక్కటి అడుగుతాను. మీ అమ్మ పేరు ఎవరి దగ్గరైనా జారావా? శాపం తండ్రి పేరుతో అంటదు. తండ్రి ఎవరనే విషయంలో దయ్యాలకు నమ్మకం తక్కువ. ఫలానా తల్లి కన్న ఫలానావాడు అని రాస్తేనే వాటికి ఇల్లు తెలుస్తుంది. అందుకే శాల జాబితాలో నువ్వు రొగాతా కొడుకువి. రొగాతా అనే ఆడది భూమ్మీద పుట్టలేదు. నేనూ మీ నాన్నా ఒక సాయంత్రం కూర్చుని ఆమెను పుట్టించాం. ఏ ఊరిదో, ఏ జబ్బుతో పోయిందో కూడా కుదుర్చుకున్నాం. చివరికి మీ నాన్నకు ఆమె మీద జాలి కూడా వేసింది. నొన్నికా పేరు మాత్రం నోట్లోనే ఉంచుకో.

పిల్లాడి సంగతి నాకు వదిలెయ్. నువ్వేం చెయ్యకు. నేను చూసుకుంటాను.

మూడు కాళ్ళ మీద నడిచే నీ మామ,
మిగ్గిన్


కార్థేజ్, ఏప్రిల్ రెండు

మామయ్యా,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నిన్న ఐదో తలుపు గడప దగ్గర ఇసుక మారుస్తుంటే సీసపు రేకు దొరికింది. చుట్టచుట్టి మేకు దిగ్గొట్టి ఉంది. నా గుర్రాల్ని చూసుకునే యాదెర్ దాన్ని విప్పాడు. శాల గుమస్తా చదివాడు. "అకాలంగా చచ్చిన ఆత్మా, నిన్ను పిలుస్తున్నాను. నొన్నికా కన్న బారిక్ చేతులు కట్టు, కాళ్ళు కట్టు, మలుపు దగ్గర వాణ్ణి కింద పడెయ్, వాడి ఎముక విరుచు." అంతే, అందరూ "ఆపరా, ఆపు!" అని మీద పడ్డారు. చివరిదాకా చదివితే శాపం పూర్తయిపోతుంది కదా. గుమస్తా రేకు పారేసి మూడుసార్లు ఉమ్మాడు. కింద ఇంకో రెండు వరుసలున్నాయి. వాటిని ఎవరూ చూడలేదు.

కాసేపటికి ఒకడు నవ్వాడు. "ఒరే, వీడి తల్లి రొగాతా కదరా! నీలిదళం సన్నాసులు ఎవరి తల్లినో రాయించుకున్నారు!" ఇక శాలంతా ఒకటే నవ్వు. పోటిట్ పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడ పట్టుకున్నాను.

నొన్నికా పేరు తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే. నువ్వు, సిద్దినా, యాదెర్. పోయినేడు జ్వరంలో నేను అమ్మను పేరుపెట్టి పిలిస్తే, నా ఒళ్ళు తుడుస్తున్నది వాడే. ముగ్గురు పిల్లల తండ్రి. ఎంత ఆశ చూపారో వాడికి. నొన్నికా నా తల్లేనని శాలలో చెప్పుకోలేను గదా. అందుకని పోటిట్‌తో వేరే మాట చెప్పాను. యాదెర్ ఆ గడప దగ్గర తవ్వుతుంటే చూశానన్నాను. చూడలేదు. కాని వాడే చేశాడు.

గవర్నరు భటులు తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి, "బారికన్నా, నల్లదానికి నీళ్ళు పెట్టలేదు" అన్నాడు. ఎంత నటనో చూడు.

ఒక్కటే అర్థం కావడం లేదు. ఇలాంటి రేకుల మీద ముందు గుర్రాల పేర్లుంటాయి, తర్వాతే తోలేవాడు. దీని మీద గుర్రాల పేర్లే లేవు.

నీ బారిక్


హద్రుమెతుం, ఏప్రిల్ పది

బారిక్‌కు దీవెనలు. ఇక్కడ అంతా మామూలే. నిన్న గాడిద నా టోపీ తిన్నది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. యాదెర్‌ను వదిలెయ్యమని చెప్పు. జ్వరంలో నీ ఒళ్ళు తుడిచినవాడు అలాంటి పని చేస్తాడా? పేర్లన్నాక ఎక్కడో అక్కడ కారతాయి. మీ అమ్మ బావి దగ్గర ఎందరితో మాట్లాడలేదు! ఒకసారి చేపలమ్మే మనిషితో మూడు గంటలు మాట్లాడి, చేప కొనకుండా ఇంటికొచ్చింది. ఆ చేపల మనిషికి ఆమె పేరు తెలియదంటావా? అసలు చేపలవాళ్ళ జ్ఞాపకశక్తి గురించి నీకో కథ చెప్పాలి. సరే, అదిప్పుడు కాదు.

ఆ రేకు ఎవరి దగ్గరుంది? కరిగించెయ్యమను, లేదా సముద్రంలో వెయ్యమను. మిగతా రెండు వరుసలూ నువ్వు మాత్రం చదవొద్దు.

ఇంకో మాట. రేకు రాయించినవాడు శత్రువే కానక్కర్లేదు బారిక్. నీ మేలు కోరి, నిన్ను ఆ ఇసుకలోంచి ఎలాగైనా లాగెయ్యాలని తపించేవాళ్ళు నీ సొంత మనుషుల్లోనే ఉండొచ్చు. అది ఆలోచించి కొంచెం నెమ్మదించు.

పందెం ఎప్పుడు? ఎన్నో తలుపు వచ్చింది? మలుపు దగ్గర లోపలి గుర్రాన్ని గట్టిగా పట్టుకో. పగ్గాలు కోసుకునే కత్తి పదును చూసుకో.

నీ మామ


కార్థేజ్, ఏప్రిల్ ఇరవై

మామయ్యకు,

నువ్వు సూటిగా చెప్పలేక చుట్టూ తిప్పి చెప్పినా, నాకు అర్థమైంది. నా మేలు కోరేవాళ్ళు, ఇసుకలోంచి నన్ను లాగాలనుకునేవాళ్ళు, మా ఇంట్లో ఇంకెవరున్నారు? ఈస్టర్ మర్నాడు, బాప్తిస్మపు తెల్లబట్టలు ఇంకా విప్పకముందే, సిద్దినాను అడిగేశాను. "నువ్వేనా రాయించింది?" అని.

నా కళ్ళలోకి చూసింది. "మీ అమ్మ పేరు నేను ప్రార్థనలో తలుస్తాను, సీసం మీద రాయించను. నన్నడిగిన నోటితో ఆ యాదెర్ మీద ఏం చెప్పావో అది నిజమేనా, ముందు అది చెప్పు" అంది. నేను మొహం తిప్పుకున్నాను. పొట్ట పట్టుకుని మెట్లు దిగి వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది.

నీ మాట విని చేసిన పనికి ఫలితం ఇది. ఆమె కాదని నాకు ఆ చూపులోనే తెలిసిపోయింది. అంటే యాదెరే. నువ్వు వాణ్ణి ఎందుకు వెనకేసుకొస్తున్నావో నాకు తెలియడం లేదు. ముసలితనంలో జాలి ఎక్కువైందా?

మే ఐదున వాణ్ణి గవర్నరు ముందు నిలబెట్టి విచారిస్తారు. విచారణంటే ఏమిటో తెలుసుగా, కొక్కేలతో చీరడం, కొయ్యగుర్రం మీద కట్టి సాగదీయడం. చేతబడి నేరానికి తల తీస్తారు. రేకు గవర్నరు గుమస్తా దగ్గర ముద్ర వేసి ఉంది. వాళ్ళు కూడా అంతా చదవలేదట, వాళ్ళకూ పిల్లలున్నారు.

పందెం మే పదిన. నేను పరుగెత్తుతూనే ఉన్నాను మామయ్యా, గోడ మాత్రం ఎటూ కదలడం లేదు.

బారిక్


హద్రుమెతుం, ఏప్రిల్ ఇరవై ఏడు

బారిక్,

ఈసారి గాడిద కబుర్లు లేవు.

ఆ రేకు రాయించింది నేను.

కూర్చుని చదువు. మీ పోటిట్ చెప్పిన ఒకే దారి గురించి నువ్వు ఫిబ్రవరిలో రాశావు. చావబోతూ నీళ్ళు పోయించుకోవాలి, ఆ తర్వాత బతకాలి. ఆ ఉత్తరం రెండు వారాలు నా దిండు కింద ఉంది. మా చెల్లెలి మనవడు కొరడా పట్టుకుని పుట్టకూడదంటే నువ్వు పడాలి. కాని చావకూడదు. ఇంత సన్నటి పని దేవుణ్ణి అడగాలంటే నాకు మొహం చెల్లలేదు. ఇన్నేళ్ళూ సూర్యుడికి చేతులెత్తాను, క్రీస్తు పండక్కి రొట్టె తిన్నాను, ఎవరికీ నిక్కచ్చిగా కట్టుబడలేదు. అందుకని తలుపు తీసి ఉన్న కొట్టుకే వెళ్ళాను. ఇక్కడ తోళ్ళ వీధిలో రేకులు రాసేవాడున్నాడు. "గుర్రాల పేర్లు చెప్పు" అన్నాడు. వద్దన్నాను, గుర్రాలేం పాపం చేశాయి. "తల్లి పేరు" అన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మా చెల్లెలి పేరు పైకి పలికింది అక్కడే. పలకగానే ఏడుపొచ్చింది. వాడు అలవాటైనవాడిలా గుడ్డ అందించాడు. రేకును కార్థేజ్ మైదానంలో పాతించే పని కూడా వాడే చూసుకున్నాడు.

మీరెవరూ చదవని రెండు వరుసలూ ఇవి. "ఊపిరి మాత్రం తీయకు. ఎముకలు కట్టేవాడికంటే ముందు నీళ్ళు పోసేవాణ్ణి పంపు." దయ్యానికి ఇలాంటి పని ఎవరూ చెప్పలేదని రాసేవాడు అన్నాడు. వెనక నుంచి ముందుకు చదివినా నీ మేలే కోరిన రేకు అది. మీ జాగ్రత్త వల్ల ఎవరూ చివరిదాకా చదవలేదు. నేనూ అదే జాగ్రత్తలో పెరిగినవాణ్ణి, ఎలా మరిచిపోయానో.

పోయిన ఉత్తరంలోనే చెప్పాల్సింది. భయపడ్డాను. చేతబడి రాయించినవాడి మెడ కూడా తెగుతుంది. అరవై నాలుగేళ్ళ మెడ మీద ఇంత మమకారం ఉంటుందని నాకు తెలియదు. సగం చెప్పి సగం మింగాను, ఆ సగమే మీ ఇంట్లో చిచ్చుపెట్టింది. సిద్దినాకు నా తరఫున నువ్వే మొక్కు.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి గవర్నరు చేతిలో పెట్టు. వేగంగా వెళ్ళే వర్తకుడికిచ్చి పంపుతున్నాను. వెనకాలే గాడిద మీద నేనూ బయల్దేరుతున్నాను. వచ్చి నా నోటితో చెబుతాను. యాదెర్ పిల్లలు ముగ్గురన్నావు కదూ?

మిగ్గిన్


కార్థేజ్, మే నాలుగు

మామయ్యా,

ఇది నీకు ఏ సత్రంలో అందితే అక్కడే ఆగిపో. గాడిదను వెనక్కి తిప్పు. ఉన్ని బేరగాడు మనవాడే, దారిలో కుంటాయన్ని ఎక్కడ చూసినా ఇవ్వమని చెప్పాను.

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. గవర్నరుకు ఇస్తే నీ తల పోతుంది. ఇవ్వకపోతే యాదెర్ తల. ఒక రాత్రి, ఒక పగలు అటూ ఇటూ తిరిగాను. నా గదిలో తిరగడానికి ఏడడుగులే ఉంటాయి.

ఇవ్వాళ పొద్దున్న నేనే గవర్నరు దగ్గరికి వెళ్ళాను. యాదెర్ తవ్వుతుంటే నేను చూడలేదని, కోపంలో అన్నానని చెప్పాను. "మరి ఈ రేకు?" అన్నాడాయన. గుమస్తా పైవరుస చదివాడు, చివరి రెండు వరుసలకూ వేలు అడ్డం పెట్టుకుని. "ఇందులో ఉన్నది నేను కాదండీ. మా అమ్మ రొగాతా. శాల జాబితా చూడండి. ఈ నొన్నికా ఎవరో నాకు తెలియదు. బారిక్‌లు ఊళ్ళో ఇరవైమంది ఉంటారు" అన్నాను. ప్రమాణం చెయ్యమన్నారు. సువార్త పుస్తకం తెచ్చారు. చెయ్యిపెట్టి, నొన్నికా నా తల్లి కాదు అన్నాను. ఒకసారి చాలదట. మూడుసార్లు చెప్పించారు.

అబద్ధపు ఫిర్యాదుకు కొరడా దెబ్బలు పడాలి. పోటిట్ అడ్డం వచ్చి నాకు పూచీ పడ్డాడు, పచ్చదళం సూర్యుడి వీపు చీలితే పందెం పోతుందని. దానికి బదులు అడిగింది ఒక్కటే. శాల వదిలే మాట, బాప్తిస్మం మాట నా నోట మళ్ళీ రాకూడదు. ఆ మాట రాసి ముద్ర వెయ్యమన్నాడు. వేశాను. ఆయన నన్ను అడ్డుకోవాల్సిన పని కూడా లేదు మామయ్యా. నీళ్ళలోకి దిగేముందు అన్నీ చెప్పుకోవాలి. చెప్పుకుంటే నువ్వు దొరికిపోతావు.

యాదెర్‌ను వదిలారు. చెరలో ఏం చేశారో, ఎడమచేతి వేళ్ళు రెండు వంగడం లేదు. నేరుగా శాలకు వచ్చి నల్లదానికి నీళ్ళు పెట్టాడు. నా వైపు తిరగకుండానే, "మీ అమ్మ పేరు నేనెవరికీ చెప్పలేదన్నా" అన్నాడు. నాకు తెలుసన్నాను. "ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు.

సిద్దినా తిరిగొచ్చింది. నేను ఏం ప్రమాణం చేశానో ఆమెకు తెలుసు. కూర వడ్డించి, గిన్నె నా వైపు తోసి లోపలికి వెళ్ళిపోయింది.

గవర్నరుకు అనుమానం పూర్తిగా తీరలేదు. నొన్నికా అనే మనిషి ఎక్కడైనా ఉందేమో చూడమని ఊళ్ళకు మనుషుల్ని పంపుతున్నాడు. మీ ఊరికీ వస్తారు. చూసుకో.

బారిక్


హద్రుమెతుం, జూన్ ముప్పై

బారిక్‌కు,

నీ ఉత్తరం రెండో సత్రంలో అందింది. ఆ సత్రం గుమ్మంలో మూడు రోజులు కూర్చున్నాను. కార్థేజ్ వైపు నడిస్తే నీ ప్రమాణం అబద్ధమని తేలి ఇద్దరం పోతాం. ఇంటి వైపు నడిస్తే నీ తల్లిని తాకట్టు పెట్టి నేను బతికినట్టు. సత్రం ఇల్లాలు విసిగిపోయి, "ముసలాయనా, లోపలికన్నా రా, బయటికన్నా పో, గుమ్మంలో కూర్చుంటే ఈగలొస్తున్నాయి" అంది. నేను బయటికొచ్చి, ఇంటి వైపే నడిచాను.

మే పందెంలో నువ్వు పడలేదని, నీకు పుట్టింది మగపిల్లాడని, తల్లీ బిడ్డా క్షేమమని, మూడోనాడు జాబితా పుస్తకం మోసుకుని పోటిట్ మీ గుమ్మం ముందుకు వచ్చాడని విన్నాను. ఏం రాయాలో తెలియదు. పిల్లాడి చేతుల గురించి రాయి, ఎవరి పోలికో.

గవర్నరు మనుషులు వస్తారన్నావు గదా. మీ అమ్మ సమాధి రాయి గుర్తొచ్చింది నాకు. ఇరవై ఏళ్ళ కిందట నేనే చెక్కించాను. "నొన్నికా. ముప్పై ఒక్క ఏళ్ళు బతికింది. బారిక్ తల్లి." రాళ్ళు కొట్టేవాణ్ణి పిలవడానికి లేదు, వాడికి నోరుంది. ఉలీ సుత్తీ నేనే పట్టుకుని వెళ్ళాను. కింది వరుసలో రెండు మాటలే. పొద్దున్న మొదలుపెడితే ఎండ నెత్తి మీదికొచ్చింది. పేరు చెరిపెయ్యలేదు. అది ఆమెది.

నిన్న వాళ్ళలో ఒకడు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు. రాయి ముందు వంగి చదువుకున్నాడు. చెరిపిన చోట మట్టి రాసి పెట్టాను, తేడా కనిపెట్టలేదు.

"ఈవిడకు పిల్లలెవరూ లేరా తాతా?" అన్నాడు.

లేరు బాబూ, అన్నాను.

"అయ్యో" అంటూ పలక మీద రాసుకుని వెళ్ళిపోయాడు.

మిగ్గిన్